నోట్లో తొడుగు

నరసరావుపేట ప్రభుత్వాసుపత్రి, క్యాజువాలిటీ ముందు వరండా. మధ్యాహ్నం మూడున్నర. మూసిన తలుపుల వెనక ముఖమంతా కట్లతో ఒక కుర్రాడున్నాడు. వాడెవరో ఇంకా ఎవరికీ తెలియదు. బయట బల్ల మీద జెబా కూర్చోలేక కూర్చుని ఉంది. ఎదురుగా కాగితాల అట్టతో కానిస్టేబుల్ సుధీర్ బాబు.

"కాదు సార్. మా తమ్ముడు కాదు. చెప్తున్నా కదా."

"నువ్వింకా లోపలికే పోలేదు కదమ్మా. చూడకుండా ఎట్టా చెప్తావు?"

"చూడనివ్వండి మరి. తలుపు తియ్యమనండి."

"ఊపిరికి గొట్టం వేస్తన్నారు తల్లీ. ఇప్పుడు ఎవర్నీ రానివ్వరు. రానిచ్చినా నీకు కనపడేదేం లేదు. గడ్డం దగ్గర్నుంచి నుదురు దాకా కట్టే."

"చేతులు? చేతులు చూశారా? మా మోయిన్ బైకు మెకానిక్కు సార్. గోళ్ళల్లో నలుపు ఉంటది. సబ్బు పెట్టి గంట రుద్దినా పోదు."

"చేతులు రెండూ చెక్కుకుపోయినయ్. రోడ్డు మీద ఈడ్చుకుపోయింది గదా. రక్తం, మట్టి, తారు. అంతా నల్లగానే ఉంది."

"కుడి మోకాలి మీద మచ్చ ఉంటది. చిన్నప్పుడు సైకిలు మీద నుంచి..."

"కాళ్ళూ అంతేనమ్మా."

"అంత... అంత దెబ్బలా?"

"బతికే ఉన్నాడు. ఆ మాట పట్టుకో. గుంటూరు పంపిస్తన్నారు, అంబులెన్సుకు చెప్పారు. ఈలోపు పేరు కావాలి నాకు. పేరు తెలిస్తే ఇంట్లోవాళ్ళు పక్కన ఎక్కుతారు. లేకపోతే గుర్తు తెలియని వ్యక్తి అని రాసి ఒక్కడినే పంపాల."

"అసలు నాకెందుకు ఫోన్ చేశారు సార్?"

"మళ్ళీ మొదటికొచ్చావా? జేబులో షెడ్డు కార్డు ఉంది. నూర్ మొహమ్మద్ మెకానిక్ షెడ్డు, నరసరావుపేట అని. ఆ నంబరుకు చేస్తే ఆయన ఎత్తాడు. బండి నంబరు చదివితే, అయ్యో మా మోయిన్ తీసుకుపోయిన బండి అన్నాడు. నీ నంబరు ఆయనే ఇచ్చాడు."

"నూర్ చాచా సగమే చెప్పాడు. ఆ బండి మా వాడిది కాదు. రిపేరుకొచ్చిన బండి. తన్వీర్ అని, సత్తెనపల్లిలో బ్యాంకులో చేస్తాడు, రూము ఇక్కడే పేటలో. బండి అతనిది. మా వాడు సత్తెనపల్లి పోయి బండి అప్పజెప్పి, బస్సులో తిరిగి రావాలి. అంతే. అప్పజెప్పేసుంటాడు."

"ఒంటిగంటకు బయల్దేరాడంట. లారీ గుద్దింది రెండుంబావుకు."

"చూశారా? ముప్పావు గంటలో పోయి ఇచ్చేసుంటాడు. ఆ తన్వీర్ బండెక్కి పేటకు వస్తా ఉంటాడు. అప్పుడు గుద్దింది. మా వాడు బస్సులో ఉన్నాడు. ఇప్పుడు కూడా బస్సులోనే ఉన్నాడు."

"లేకపోతే మీ వాడే దారిలో ఎక్కడో టీ తాగి, ఇంకా పోతా ఉన్నాడేమో."

"బండి ఎటు మొహం పెట్టి ఉంది?"

"లారీ గుద్దాక బండికి మొహం ఏందమ్మా. గింగిరాలు తిరిగి మిరపచేలో పడింది."

"సార్, నిజం చెప్పండి. మీకేమనిపిస్తంది?"

"నాకేం అనిపించదు. ఇద్దరూ పాతికేళ్ళ లోపే. ఒకే ఒడ్డూ పొడుగూ అని మీ చాచానే చెప్పాడు. ఇద్దరి ఫోన్లూ స్విచ్చాఫ్. పగిలి పిండైపోయిన ఫోను ఒకటి నా దగ్గరుంది, ఏ కంపెనీదో కూడా తెలవట్లా. రెండోది యాడుందో తెలవదు."

"మా వాడి ఫోన్లో ఎప్పుడూ ఛార్జింగు ఉండదు. ఎప్పుడూ ఉండదు సార్. అడగండి, షెడ్డులో ఎవర్నన్నా అడగండి."

"సరే, అదే అనుకుందాం. పొద్దున ఏం చొక్కా వేసుకున్నాడు?"

"చొక్కానా?"

"చొక్కా అమ్మా. ఏం రంగు?"

"చూళ్ళేదు."

"ఒకే ఇంట్లో ఉంటారుగా?"

"చూళ్ళేదు సార్. గొడవపడ్డాం. నేను తిట్టేసి, వాడి మొహం కూడా చూడకుండా డ్యూటీకి పోయా."

"దేనికి గొడవ?"

"ఏం లేదు. అక్కాతమ్ముళ్ళ గొడవ. రోజూ ఉండేదే."

"రోజూ ఉండేదైతే కళ్ళెంబడి నీళ్ళెందుకు?"

"నీళ్ళా? నాకా? లేదు. ఇక్కడ ఫినాయిలు వాసన."

"సరే, సరే. నేనడగను. ఇదొక్కటి చూడు. గొట్టం వేసేముందు నర్సమ్మ నోట్లోంచి తీసింది. కడిగి ఈ కవర్లో వేసి ఇచ్చింది."

"ఏంటది?"

"పళ్ళ తొడుగంట. పైపళ్ళకి. ప్లాస్టిక్కుది. అద్దంలాగా ఉంది, నోట్లో ఉన్నా కనపడదంట. నాకు తెలవదుగానీ..."

"ఇది నోట్లో ఉందా?"

"నోట్లోనే."

"ఆ కుర్రాడి నోట్లోనే? పొరపాటు లేదుగా?"

"ఒక్కడే గదమ్మా లోపల ఉంది."

"అయితే మా వాడు కాదు! అల్లా... సార్, మా వాడు కాదు. మా వాడి పళ్ళకి ఏ తొడుగూ లేదు. నేను పళ్ళ ఆసుపత్రిలోనే రిసెప్షన్‌లో పనిచేస్తా. వాడికి ఉంటే నాకు తెలవదా? నా చేతుల మీదగా పోవాలి ఏదైనా. ఇది ఆ బ్యాంకు అబ్బాయిది. బ్యాంకువాళ్ళు, సాఫ్ట్‌వేర్‌వాళ్ళు, వాళ్ళే పెట్టించుకుంటారు ఇవి. ముందే చూపించొచ్చుగా సార్! నా ప్రాణం తీశారు గదా గంట నుంచి!"

"కూర్చో, కూర్చో. పడిపోతావు. నీళ్ళు తాగు."

"మా వాడి నోట్లో ఉండేది వేరే. దానికే పొద్దున గొడవ. ఇప్పుడు చెప్తా వినండి. పది రోజుల నుంచి ముద్ద ముద్దగా మాట్టాడతన్నాడు. ఏదడిగినా తలే ఊపుతాడు. అందరితో కూర్చుని తినడు. పళ్ళెం తీసుకుని పెరట్లోకి పోతాడు. గుట్కా! ఇంకేం ఉంటది? మా నాన్న, మా అబ్బా, ఆ గుట్కాకే పోయాడు సార్, నోట్లో పుండై. మళ్ళీ వీడూనా అని నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవరా అన్నా. తెరవలా. దవడ పట్టుకుని లాగా. నన్ను నెట్టేసి గోడవైపు తిరిగాడు. నువ్వూ అబ్బాలాగే కుళ్ళి చావు అన్నా. అని వచ్చేశా."

"ఛ, ఊరుకో. కోపంలో ఎన్నో అంటాం."

"నోట్లో వక్కగానీ, ఎరుపుగానీ ఏమన్నా ఉందా ఆ కుర్రాడికి?"

"అదీ అడిగా. శుభ్రంగా ఉందంట. ముందు పళ్ళు రెండు విరిగినయ్, అంతే. వక్క ముక్క కూడా లేదంట."

"చూశారా! వాడు కాదు. ఇప్పుడు పోతా సార్, బస్టాండులో దిగుతాడు వాడు. దిగగానే పట్టుకుని..."

జెబా ఫోను మోగింది. తెర మీద 'అమ్మీ'.

"ఆ, చెప్పమ్మీ... క్లినిక్కులోనే ఉన్నా... గోలేంటంటే పేషంట్లు. ఇవాళ రద్దీ... మోయినా? షెడ్డులో ఉంటాడు... ఛార్జింగు అయిపోయుంటదిలే... టిఫినూ తినలా? పోనీలే, ఆకలైతే వాడే తింటాడు... ఏంటీ? బ్రష్షా? పళ్ళు తోముకునే బ్రష్షు షెడ్డుకు తీసుకుపోతన్నాడా?... రోజూనా? ఎన్నాళ్ళ నుంచి?... నీకు తెలవదులే అమ్మీ, నేను వచ్చి చెప్తా... గొంతుకేం కాలా. ఏసీలో కూర్చుంటే ఇట్టానే ఉంటది... పెట్టెయ్. వస్తా."

"అమ్మకు చెప్పలా?"

"ఏమని చెప్పను? ఆమెకు బీపీ. వాడు ఇంటికొచ్చాక ఇద్దరం కలిసి చెప్తాం, నవ్వుకుంటా."

"బ్రష్షు ఏందమ్మా?"

"షెడ్డుకు బ్రష్షు పట్టుకుపోతన్నాడంట. అన్నం తిన్నాక తోముకోవడానికంట. అమ్మీకి అట్టా చెప్పాడు. గుట్కా వాసన మాకు తెలవకుండా. దొంగ వెధవ."

"రోజూ తోముకునేవాడి నోరు శుభ్రంగానే ఉండిద్ది గదమ్మా."

"అంటే ఏంది సార్?"

"నేనెందుకన్నానంటే, అన్నీ చూడాలి గదా అని."

"అట్టా అనకండి సార్. ఆ తొడుగు ఉంది గదా! తొడుగు వాడిది కాదు గదా! మీరు మళ్ళీ మొదలుపెట్టకండి."

"సరే తల్లీ. ఉండు, ఫోనొస్తంది. బ్యాంకోళ్ళే అనుకుంటా."

సుధీర్ బాబు రెండడుగులు పక్కకు జరిగాడు. జెబా కూడా లేచి ఆయన వెనకే నిలబడింది.

"హలో... ఆ, పోలీస్ స్టేషన్నుంచే అమ్మా. తన్వీర్ గురించి... అర పూట సెలవు పెట్టి పోయాడా? బండి వచ్చిందని చెప్పాడా, బండి తెచ్చుకోవాలని చెప్పాడా? సరిగ్గా గుర్తు చేసుకో... గుర్తు లేదా. సరే. ఇంకోటి. అతని పళ్ళకి ఏమన్నా... ఆ... తీగలు? ఎప్పుడు తీయించాడు?... పోయినేడా. తీశాక ఏమిచ్చారు?... ఏంది? మెల్లగా చెప్పు, రాసుకుంటా. రి-టై-నర్. ప్లాస్టిక్కుదేనా?... పగలు కూడా పెట్టుకుంటాడా. మీరంతా ఏడిపిస్తారా అతన్ని. సరే అమ్మా. వాళ్ళ ఇల్లు?... మాచర్లా. వాళ్ళమ్మకి నేను చెప్తాలే, మీరు చెయ్యబాకండి. ఉంచుతా."

"విన్నా. నేను విన్నా. రిటైనర్."

"తన్వీర్‌కి పళ్ళకి తీగలు ఉండేయంట. పోయినేడు తీసేసి..."

"తీసేసి రిటైనర్ ఇచ్చారు. మేమూ అంతే ఇస్తాం. ఇది అదే. ఇంకేం కావాలి అన్నా మీకు? రాసెయ్యండి. తన్వీర్ అని రాసెయ్యండి... అయ్యో."

"ఏమైంది మళ్ళీ?"

"నవ్వొస్తంది నాకు. మాచర్లలో ఎవరో తల్లి ఉంది. ఆమె కొడుకు లోపల అట్టా పడుంటే నాకు నవ్వొస్తంది. నేనేం మనిషిని అన్నా?"

"ఎవరైనా అంతేనమ్మా. ఇరవై ఏళ్ళ నుంచి చూస్తన్నా ఈ వరండాలో. మన వాడు కాదంటే ముందు నవ్వే వచ్చిద్ది. తర్వాత ఏడుస్తారు."

"నేను పోవచ్చా?"

"ఒక్క పని. లోపల డాక్టరుగారు ఏమన్నాడంటే, ఇది రిటైనర్ కావచ్చు, అలైనర్ కావచ్చు, పళ్ళ డాక్టరు చూసి చెప్పాలన్నాడు. పళ్ళ డాక్టరు ఇవాళ సెలవు. నువ్వు రోజూ ఆ పనిలోనే ఉంటావు గదా. చేత్తో పట్టుకుని చూసి చెప్పు. నువ్వు చెప్పినట్టు రాసి సంతకం పెట్టించుకుంటా."

"పట్టుకోనక్కర్లేదు. రిటైనరే."

"కవరు కూడా ముట్టుకోలేదు గదమ్మా."

"ఇక్కణ్ణుంచే కనపడుతంది. రిటైనరే అన్నా. రాయండి."

"రెండిటికీ తేడా ఏంది అసలు? నాకు చూస్తే రెండూ ఒకటే. మా అమ్మాయికి ముందు పళ్ళు ఎత్తుగా ఉన్నయ్. తొమ్మిదో తరగతి. అలైనర్ పెట్టించమని ఒకటే పోరు. నొప్పి ఉండిద్దా?"

"అలైనర్ పళ్ళని జరుపుద్ది. రిటైనర్ జరిగిన పళ్ళని కదలకుండా పట్టుకుంటది. అదే తేడా. నొప్పంటే, కొత్త అలైనర్ పెట్టిన మొదటి రెండు రోజులు పన్ను పన్నూ సలుపుద్ది. పళ్ళన్నిటినీ ఎవరో పిడికిట్లో పట్టి పిండినట్టు. చపాతీ కూడా నమల్లేం. మూడో రోజుకు తగ్గుద్ది, పదిహేను రోజులకు ఇంకో నంబరు తొడుగు మారుస్తాం, మళ్ళీ మొదలు. నాకు పద్నాలుగు నంబర్లు పట్టినయ్."

"నువ్వూ పెట్టించుకున్నావా?"

"మా డాక్టరు గారే పెట్టారు. రిసెప్షన్‌లో కూర్చునే పిల్ల పళ్ళు వంకరగా ఉంటే పేషంట్లు ఏమనుకుంటారని. నాకూ మోయిన్‌కీ ఇద్దరికీ మా అబ్బా పళ్ళే. ముందు పన్ను పక్క పన్ను మీదకు ఎక్కి ఉంటది. నాది సరైపోయింది. ఇప్పుడు రాత్రిపూట రిటైనర్ పెట్టుకుంటా."

"దానికి నొప్పి ఉండదా?"

"రిటైనర్ మందంగా, గట్టిగా ఉంటదిగానీ నొప్పుండదు. ఊరికే కూర్చుంటది. పెట్టుకున్న సంగతి కూడా మర్చిపోతాం. అలైనర్ మర్చిపోనివ్వదు. పల్చగా ఉంటది, మాటలు ముద్ద ముద్దగా వస్తయ్, నోరంతా ఎంగిలి. ఎప్పుడూ పెట్టుకునే ఉండాలి. తినేటప్పుడు తియ్యాలి, తిన్నాక పళ్ళు తోమాలి, మళ్ళీ పెట్టాలి. దాని అంచు ఒక్కోటి గరుగ్గా వస్తది. నా ఆరో నంబరు ఎడంపక్క చివర నాలుకని కోసేసింది. ఆదివారం, క్లినిక్కు మూసేసి ఉంది. ఏడుస్తా కూర్చుంటే మా మోయిన్ షెడ్డుకు పోయి జీరో పేపరు తెచ్చాడు."

"జీరో పేపరంటే?"

"మెత్తటి గరుకు కాగితం. బైకు సామాన్లు నున్నగా రుద్దుకుంటారు దాంతో. అరగంట కూర్చుని రుద్దాడు, నీళ్ళు చల్లుకుంటా, వేలితో తడిమి చూసుకుంటా. ఇంకొంచెం ఉండు ఆపా, ఇంకొంచెం అని. అక్కని ఆపా అంటాం మేము. పెట్టుకుంటే వెన్నపూసలాగా ఉంది. మా డాక్టరు గారు కూడా ఇంత నున్నగా ఎవరు చేశారమ్మా అని అడిగారు."

"మంచి పనోడు."

"మంచోడన్నా. వట్టి మంచోడు. ఆపా, నాకూ పెట్టించవా, పళ్ళు సరైతే నేనూ నీలాగా నవ్వుతా అనేవాడు. నీ నవ్వు స్పానర్లకు చూపిస్తావారా అని ఏడిపించేదాన్ని. ఈసారి పెట్టిస్తా. ఇంటికి రాగానే చెప్తా."

"మా అమ్మాయికి నీ పాతవి సరిపోవా? ఉన్నయ్యా అయి?"

"ఉన్నయ్, బిస్కెట్ల డబ్బాలో వేసి బీరువా మీద పెట్టా. పాతయి పారెయ్యకూడదు, దాచుకోమంటారు. కానీ ఒకరియి ఇంకొకరికి పెట్టకూడదన్నా. పళ్ళు పాడైపోతయ్. రోజుకు పదిమంది అడుగుతారు ఇట్టానే. గోడకు కాగితం కూడా అంటించాం."

"మాటవరసకు అన్నాలే. నీ రిటైనర్ ఏదీ, నీ దగ్గరుందా? చూపించు, మా అమ్మాయికి చెప్తా."

"బ్యాగులో ఉంది, డబ్బాలో. ఇదిగోండి. కడిగిందే."

"గట్టిగానే ఉందే. వంగదు."

"చెప్పా గదా. మందంగా ఉంటదని."

"ఇది వంగుతందమ్మా."

"ఏది?"

"కవర్లోది. నొక్కితే వంగుతంది. నీదేమో వంగట్లా."

"కొత్తదై ఉంటది. కంపెనీని బట్టి మారుద్ది. తన్వీర్‌ది వేరే కంపెనీ."

"దీనికి లోపల చిన్న చిన్న గుంటలు ఉన్నయ్, బియ్యపు గింజంత. నీదానికి లేవు."

"అన్నా, ఎందుకిప్పుడు అయన్నీ? రిటైనర్ అని చెప్పా. సంతకం పెడతా. కాగితం ఇవ్వండి."

"ఇస్తా. అదిగో, అంబులెన్సు వచ్చినట్టుంది. ఇక్కడ పేరు దగ్గర తన్వీర్ అని రాస్తన్నా. మాచర్లకు ఇప్పుడే ఫోన్ చేస్తా, వాళ్ళమ్మ నేరుగా గుంటూరు వచ్చిద్ది. కానీ ఒక్క మాట తల్లీ. తప్పు పేరు రాశామనుకో. ఒక తల్లి తన కొడుకు కానివాడి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తది. ఇంకో తల్లి అన్నం మూతపెట్టుకుని, ఫోన్లో ఛార్జింగు లేదులే అనుకుంటా కూర్చుంటది. ఆ కుర్రాడు కళ్ళు తెరిస్తే తనవాళ్ళు ఒక్కళ్ళుండరు. తెరవకపోతే అదీ అంతే. నీ ఇష్టం. ఇదిగో పెన్ను. పెట్టమ్మా సంతకం."

"అది ఇటివ్వండి."

"పెన్నా?"

"కవరు."

"మెల్లగా. నేను పట్టుకోనా?"

"వద్దు. నేను చూస్తా... ఇది... పల్చగా ఉంది."

"అంటే?"

"గుంటలు ఉన్నయ్. పంటి మీద బొడిపెలు అంటిస్తాం, అయి ఈ గుంటల్లో కూర్చోవాలి. రిటైనర్‌కి ఉండవు. ఇది రిటైనర్ కాదన్నా. అలైనర్."

"అయితే తన్వీర్‌ది కాదు."

"కాదు. కానీ మా మోయిన్‌ది కూడా కాదు! మా వాడికి అలైనర్ లేదు. పంటి మీద బొడిపెలు లేవు. ఎవరూ వెయ్యలేదు వాడికి. ఎవరు వేస్తారు?"

"మరి ఈ మూడోవాడు ఎవడమ్మా?"

"నాకేం తెలుసు! ఎవడో! బండి దొంగిలించి ఉంటాడు. లిఫ్టు అడిగి ఉంటాడు. మీరు పోలీసులు గదా, మీరు కనుక్కోండి! నన్నెందుకు..."

"జెబా. అమ్మా. ఏమైంది? వేలు అక్కడే పెట్టి ఆగిపోయావేం? గుచ్చుకుందా?"

"గుచ్చుకోలా."

"మరి?"

"చుట్టూ అంచంతా గరుగ్గా ఉంది. ఎడంపక్క చివర మాత్రం గుచ్చుకోట్లా."

"తలుపు తీస్తన్నారు, జరుగు, స్ట్రెచరు వస్తంది. ఏం రాయమంటావమ్మా, త్వరగా చెప్పు. తన్వీరా, గుర్తు తెలియని వ్యక్తా?"

"కొట్టెయ్యండి. రెండూ కొట్టెయ్యండన్నా. నేనెక్కాలి, డ్రైవర్ని ఆగమనండి. ఇది నా ఆరో నంబరు. నోరు తెరవరా అంటే... అందుకే తెరవలా వాడు."